పాత పుస్తకం కొనండి, పాత కుక్కర్ వద్దు: తక్కువ ఖర్చుతో వంటింటికి ఏం కొనాలి?

నిడదవోలు నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశాను. ఈరోజు ఎపిసోడ్ వంటింటి గురించి. వంట నేర్పడం నా పని కాదు, దానికి నాకంటే బాగా చేసేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. వంట పుస్తకాలు, వంటింటి సామాన్లు తక్కువ డబ్బుతో, మోసపోకుండా ఎలా కొనుక్కోవాలన్నది ఈరోజు మాట్లాడుకుందాం.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, ఈ మధ్య నన్ను రెండు రకాల వాళ్ళు ఎక్కువగా అడుగుతున్నారు. ఒకళ్ళు ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్ళి, మొదటిసారి సొంతంగా గది తీసుకున్న పిల్లలు. "అన్నా, ఐదు వేలు ఉన్నాయి. దీంతో వంట మొదలెట్టాలి. ఏం కొనాలి?" అంటారు. రెండోవాళ్ళు మన ఊళ్ళలో ఉండే అక్కలు, పిన్నులు. వాళ్ళ బాధ వేరు. "బాబూ, ఆఫర్‌లో వచ్చిందని మీ బాబాయ్ ఏదో మిషన్ తెచ్చారు. రెండుసార్లు వాడాం, అటకెక్కింది. రోజూ వాడే మిక్సీ మాత్రం జారు కారిపోతోంది, దాని సంగతి ఎవరికీ పట్టదు" అంటారు. ఈ రెండో మాట నన్ను బాగా ఆలోచింపజేసిందండి. డబ్బులు ఖర్చయ్యాయి, కానీ పని తగ్గాల్సిన మనిషికి పని తగ్గలేదు.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. మూడు వేల మిక్సీ ఒకటి కొన్నారు. రోజుకి ఒక్కసారి వాడినా ఐదేళ్ళలో 1800 సార్లు పైనే వాడతారు. అంటే ఒక్కోసారికి పడేది రూపాయిన్నర పైచిలుకు, రెండు రూపాయల లోపు. అదే పదిహేను వందలకి ఒక శాండ్‌విచ్ మేకర్ కొని, పదిసార్లు వాడి పైన పెట్టేశారనుకోండి. ఒక్కోసారికి 150 రూపాయలు. ఇప్పుడు ఏది ఖరీదైన వస్తువు? డబ్బా మీద ఉన్న రేటు చూస్తే మిక్సీ. వాడకం చూస్తే శాండ్‌విచ్ మేకర్. కాబట్టి సగం రేటుకి వచ్చిందనేది మొదటి ప్రశ్న కాకూడదు. వారంలో ఎన్నిసార్లు వాడతాం అన్నది మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న, పాతది కొనాలా, కొత్తది కొనాలా? దీనికి నేను పెట్టుకున్న రూల్ చాలా సింపుల్. లోపం ఉంటే కంటికి కనిపించే వస్తువు పాతదైనా కొనొచ్చు. లోపం ఉన్నా కంటికి కనిపించని వస్తువు కొత్తదే కొనాలి. పుస్తకంలో పేజీ చిరిగితే కనిపిస్తుంది. ఇత్తడి గిన్నె సొట్ట పడితే కనిపిస్తుంది. ఇనప పెనం తుప్పు పడితే కనిపిస్తుంది. ప్రెషర్ కుక్కర్ సేఫ్టీ వాల్వ్ పనిచేస్తోందో లేదో చూస్తే తెలీదు. గ్యాస్ పొయ్యి లోపల వాల్వ్ లీకవుతోందో లేదో చూస్తే తెలీదు. ఈ రూల్ పట్టుకుని పుస్తకాలతో మొదలెడదాం.

"ఇప్పుడు పుస్తకాలెవరు కొంటారన్నా, ఫోన్‌లో వీడియో ఉంది కదా" అంటారు. నేనే వీడియోలు చేసేవాణ్ణి, కాబట్టి కాదనను. కానీ చేతికి పిండి అంటుకుని ఉండగా, ఫోన్‌లో పది నిమిషాల వీడియోలో ఆ కొలత ఎక్కడ చెప్పారో వెతుక్కోవడం ఎంత చికాకో మీకూ తెలుసు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నప్పుడు మేమూ అంతే. మొదట ట్యుటోరియల్ వీడియో చూస్తాం, పని చేసేటప్పుడు మాత్రం డాక్యుమెంటేషన్ పేజీ తెరిచి పెట్టుకుంటాం. వంట పుస్తకం ఆ డాక్యుమెంటేషన్ లాంటిది. దానికి ఇంకో లాభం ఉంది. మనకి తెలియని వంటకం పేరు మనం సెర్చ్ చెయ్యలేం కదా? పుస్తకం తిరగేస్తుంటే తెలియనివే కళ్ళబడతాయి.

తెలుగులో వంట పుస్తకం అనగానే పెద్దవాళ్ళు ముందు చెప్పే పేరు మాలతీ చందూర్ గారి "వంటలు పిండివంటలు". ఆవిడ నవలా రచయిత్రి, ఆంధ్రప్రభ వారపత్రికలో "ప్రమదావనం" శీర్షికని ఏళ్ళ తరబడి నడిపారు. 2013లో చెన్నైలో చనిపోయారు. ఆ పుస్తకం మాత్రం ముద్రణ తర్వాత ముద్రణ వస్తూనే ఉంది. అదే మనకి పనికొచ్చే విషయం. అన్నిసార్లు అచ్చయిన పుస్తకం పాత కాపీలు కూడా చాలా ఇళ్ళలో ఉంటాయి. ఇల్లు మారేటప్పుడో, సర్దేటప్పుడో అవి పాత పుస్తకాల కొట్టుకి చేరతాయి. అలాంటి పుస్తకం చౌకగా దొరకడానికి అవకాశం ఎక్కువ. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ గారి "సమైత్తు పార్" కూడా అలాంటిదే, 1951లో మొదలై ఇప్పటికీ అమ్ముడవుతోంది. చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకోండి, ఇంగ్లీషులో కూడా ఉంది.

మరి ఎక్కడ వెతకాలి? హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్ళండి. షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. కోఠీలో అయితే మామూలు రోజుల్లోనూ పాత పుస్తకాలు దొరుకుతాయి. విజయవాడ అయితే ఏలూరు రోడ్డు మీద కొత్త పుస్తకాల షాపులున్నాయి, జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది. హైదరాబాద్ బుక్ ఫెయిర్ మామూలుగా డిసెంబరులో పెడతారు. అక్కడ కొత్త పుస్తకాల మీద కొంత తగ్గింపు ఇస్తారు. చివరి రోజు సాయంత్రం వెళ్తే బేరానికి ఇంకొంచెం చోటుంటుంది, మూటలు కట్టి వెనక్కి తీసుకెళ్ళే బాధ వాళ్ళకీ ఉంటుంది కదా.

మన నిడదవోలు నుంచి అయితే రైలెక్కి గోదావరి దాటితే రాజమండ్రి. అక్కడ గౌతమీ గ్రంథాలయం ఉంది. నాళం కృష్ణారావు గారి లాంటి పెద్దలు వందేళ్ళకి పూర్వమే పెంచిన గ్రంథాలయం అది. కొనేముందు లైబ్రరీలో ఒకసారి తిరగేసి చూడటం అసలు ఖర్చే లేని పద్ధతి. నచ్చిన పుస్తకం పేరు, పబ్లిషర్ పేరు రాసుకుని అప్పుడు కొట్టుకి వెళ్ళండి. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో కూడా అడగండి. కథల బీరువాలోనే వంట పుస్తకం కలిసిపోయి ఉండొచ్చు, కాబట్టి లైబ్రేరియన్ గారిని పేరు పెట్టి అడగడం మంచిది.

ఇక ఇంటర్నెట్‌లో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. "పాకశాస్త్రం", "వంటలు" అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి వెతకండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. అంతకంటే పాతవి హాయిగా దింపుకోండి. ఇప్పటికీ అచ్చులో ఉన్న పుస్తకం అయితే డబ్బు పెట్టి కొనండి, ఆ రాసినవాళ్ళ కష్టం అది.

కొట్లో పుస్తకం చేతికొచ్చింది. కొనాలా వద్దా? నేను మూడు పేజీలు చూస్తాను. ఒకటి, నాకు బాగా తెలిసిన వంటకం. ఉదాహరణకి గోంగూర పచ్చడి. అది సరిగ్గా రాశారంటే మిగతావి నమ్మొచ్చు. రెండోది, పాకం పట్టే వంటకం, అంటే అరిసెలో, సున్నుండలో కాదు, అరిసెలే చూడండి. పాకం ఎప్పుడు దించాలో గుర్తు చెప్పారా? నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి అని చెప్పారా, లేక "పాకం పట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేశారా? మూడోది, చివర విషయసూచిక. పేజీ నంబర్లు ఉన్నాయా, కూరలు, పచ్చళ్ళు, పిండివంటలు విడివిడిగా ఉన్నాయా? ఈ మూడూ బావుంటే యాభయ్యో వందో పెట్టి తీసుకోండి. నూనె మరకలున్నా, పక్కన పెన్సిలుతో ఎవరో ఏదో రాసుకున్నా భయపడకండి. అది ఎవరో నిజంగా వండుకున్న పుస్తకం అన్నమాట. "ఉప్పు ఎక్కువ" అని పక్కన రాసి ఉంటే మీకు ఒక ప్రయత్నం మిగిలినట్టే.

పాత పుస్తకాలతో ఒక చిక్కు ఉంది, కొలతలు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, అమల్లోకి రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. అంతకుముందు పుస్తకాల్లోనూ, ఆ తర్వాత చాలాకాలం అలవాటుగానూ గిద్ద, సోల, తవ్వ, మానిక, వీశ, పలం ఇవే ఉంటాయి. మా తరం వాళ్ళకి ఇవి చూడగానే పుస్తకం మూసేయాలనిపిస్తుంది. నిజానికి చాలా తేలిక. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అన్నీ రెండు, నాలుగు. కంప్యూటర్ వాళ్ళకి ఇంతకంటే ఇష్టమైన లెక్క ఉండదండి, మొత్తం బైనరీ. కుంచానికి 64 గిద్దలు.

బరువుల్లో తులం అంటే సుమారు 11.7 గ్రాములు. మూడు తులాలు ఒక పలం, అంటే 35 గ్రాములు. నలభై పలాలు ఒక వీశ, అంటే 1400 గ్రాములు. ఇది ఒక కాగితం మీద రాసి పుస్తకం అట్ట లోపల అంటించేసుకోండి.

ఇంకో విషయం. పాళ్ళు చెప్పిన వంటకానికి అసలు మార్చాల్సిన పనే లేదు. సోల మినప్పప్పుకి రెండు సోలల ఇడ్లీ రవ్వ అంటే, గ్లాసుకి రెండు గ్లాసులు, అంతే. ఏ గ్లాసైనా సరే, రెండింటికీ అదే గ్లాసు వాడితే చాలు. చిక్కు ఎక్కడొస్తుందంటే బియ్యం మానికల్లో, బెల్లం వీశల్లో చెప్పినప్పుడు. మానిక అన్నది ఊరూరికీ కాస్త తేడాగా ఉండేది కూడా. అప్పుడు తూకం కావాలి. అందుకే నేను వంటింట్లో మొదట కొనమనే ఎలక్ట్రానిక్ వస్తువు చిన్న డిజిటల్ త్రాసు. మూడు నాలుగు వందల్లో వస్తుంది. పాత పుస్తకాన్ని ఇప్పటి వంటింటికి కలిపేది అదే. మీ ఇంట్లో రోజూ బియ్యం కొలిచే గ్లాసుని ఒకసారి తూచి, ఎన్ని గ్రాములో పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండా బియ్యం అయితే మామూలుగా 160, 170 గ్రాములు తూగుతాయి.

ఇప్పుడు సామాన్ల దగ్గరికి వద్దాం. మిక్సీతో మొదలెడదాం, ఎందుకంటే దాని వెనక మంచి కథ ఉంది. ముంబైలో సత్యప్రకాశ్ మాథుర్ అని సీమెన్స్‌లో పనిచేసిన ఇంజనీరు ఉండేవారు. వాళ్ళింట్లో జర్మనీ నుంచి వచ్చిన బ్రాన్ మిక్సర్ ఉండేది. ఆయన భార్య మాధురి గారు మన వంటకి దాన్ని వాడుతుంటే మోటారు కాలిపోయింది. ఇక్కడ రిపేరు చేసే దిక్కు లేదు. అప్పుడు ఆయన మన పప్పులు, మన మసాలాలు తట్టుకునే మోటారు పెట్టి తనే మిషన్ తయారుచేశారు. 1963లో వచ్చిన సుమీత్ మిక్సీ అదే. విదేశీ మిక్సర్ మంచిదే అయ్యుండొచ్చు, కానీ దాన్ని చేసినవాళ్ళు ఎండుకొబ్బరి, నానిన మినప్పప్పు, పసుపు కొమ్ము ఊహించలేదు. వాడేది ఎవరు, దేనికి అన్నది అడగకుండా చేసిన వస్తువు ఎంత గొప్పదైనా మన వంటింట్లో నిలబడదు.

కాబట్టి మిక్సీ కొనేటప్పుడు చూడాల్సినవి. 750 వాట్ల మోటారు నలుగురున్న ఇంటికి సరిపోతుంది. కింద ప్లేటు మీద "30 నిమిషాలు, 5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్" లాంటి రేటింగు రాసి ఉంటుంది, అది చదవండి. అంటే ఏకబిగిన పావుగంట తిప్పకూడదని అర్థం. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4250 అన్న నంబరు ఉందేమో చూడండి, మిక్సీల ప్రమాణం అది. అన్నిటికంటే ముఖ్యం, దాని జారు, కప్లర్, వాషర్ మీ ఊళ్ళో రిపేరు షాపులో దొరుకుతాయా? కొనేముందు ఆ రిపేరు అబ్బాయినే అడగండి. ఏ కంపెనీ సామాను తన దగ్గర ఉంటుందో, ఏ కంపెనీది తెప్పించాలంటే నెల పడుతుందో అతనికి తెలిసినంత ఏ రివ్యూలోనూ ఉండదు.

ఉన్న మిక్సీ ఆగిపోయిందని కొత్తది కొనేముందు దాన్ని తిరగేసి చూడండి. చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా అది కరెంటు ఆపేస్తుంది. ప్లగ్ తీసి, కాసేపు చల్లారనిచ్చి, ఆ బటన్ నొక్కితే మళ్ళీ తిరగొచ్చు. మూడు వేలు మిగిలినట్టే కదా! జారు కింద నుంచి కారుతుంటే బుష్ మార్పిస్తే సరిపోవచ్చు. ఇందాక చెప్పిన పిన్నిగారి సమస్య అదే. అటక మీదున్న మిషన్ ధరలో చిన్న ముక్కతో ఆవిడ రోజువారీ పని తేలికయ్యేది.

గ్రైండర్ కావాలా? వారానికి రెండుసార్లయినా ఇడ్లీ, దోసె పిండి రుబ్బుకునే ఇల్లయితే పనికొస్తుంది. గ్రైండర్ అంటే మన రుబ్బురోలు, పొత్రానికి మోటారు పెట్టినదే. కోయంబత్తూరులో సభాపతి గారు 1955లో దాన్ని తయారుచేశారు, ఇప్పుడు కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి జీఐ గుర్తింపు కూడా ఉంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పిండిని వేడెక్కిస్తుంది. రాయి నెమ్మదిగా తిరుగుతుంది, పిండి చల్లగా ఉంటుంది, పొంగుతుంది. పిండి ప్యాకెట్ కొనుక్కునే అలవాటున్న ఇంటికి మాత్రం గ్రైండర్ కొంటే అదీ అటకెక్కేదే. సంక్రాంతికి అరిసెల పిండి కోసమని ఏడాదికొకసారి వాడే మిషన్ కొనకండి, పిండిమర ఉంది. పెద్ద మూకుళ్ళు, గుండిగలు షామియానా షాపులో అద్దెకిస్తారు.

ఇప్పుడు కుక్కర్. ఇక్కడ మాత్రం బేరం వద్దండి. ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ 2347 అని ప్రమాణం ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ గుర్తు లేకుండా కుక్కర్ అమ్మకూడదని కేంద్రం ఉత్తర్వు అమల్లో ఉంది. అయినా ఆన్‌లైన్‌లో అమ్మేశారు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ దీని మీద పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలకి లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. అంటే పెద్ద సైటులో దొరికింది కదా అని సరుకు సరైనదని అనుకోకూడదు. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్ ఫోన్‌లో వేసుకుని ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి ఆ లైసెన్సు ఇచ్చారో వస్తుంది. పేరు కలవకపోతే కొనొద్దు. రెండు నిమిషాల పని.

సెకండ్ హ్యాండ్ కుక్కర్ వద్దు అనడానికి కారణం అదే రూల్. దాని సేఫ్టీ వాల్వ్ ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, ఒరిజినల్ వేశారో లేదో మనకి తెలీదు. ఒకసారి నీళ్ళు లేకుండా మాడి, అడుగు పలచబడిందేమో తెలీదు. ఇంట్లో ఉన్న కుక్కర్‌కైనా రబ్బరు, వాల్వ్ ఆ కంపెనీవే వేయించండి. పదీ ఇరవై రూపాయలు తగ్గుతుందని వేరేది పెట్టకండి. వంటగదిలో దాని పక్కన నిలబడేది మన అమ్మో, అక్కో. అక్కడ మిగిలే ఇరవై రూపాయలు మనకొద్దు. గ్యాస్ పొయ్యి, రెగ్యులేటర్, గ్యాస్ ట్యూబ్ కూడా ఇదే లెక్క, కొత్తవే.

ఇండక్షన్ పొయ్యి గురించి చాలామంది "గ్యాస్ కంటే చౌకా?" అని అడిగారు. లెక్క చేద్దాం రండి. మన ఇంటి సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. కిలో గ్యాస్‌లో ఉన్న వేడిని కరెంటు యూనిట్లలోకి మారిస్తే సుమారు 12.7 యూనిట్లు. మొత్తం సిలిండర్‌కి 180 యూనిట్లు. కానీ మంట వేడి అంతా గిన్నెకి చేరదు, పక్కలకి పోతుంది. మంచి పొయ్యి మీద 65 శాతం చేరిందనుకుంటే 117 యూనిట్ల వేడి మనకి దక్కుతుంది. ఇండక్షన్ మీద 85 శాతం దాకా గిన్నెకి చేరుతుంది అనుకుందాం. అప్పుడు అదే వంటకి 138, అంటే దాదాపు 140 యూనిట్లు కావాలి.

ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీయండి. మీకు చివరి శ్లాబులో యూనిట్‌కి ఎంత పడుతోందో చూడండి. సగటు చూడకండి, చివరి శ్లాబే చూడండి, ఎందుకంటే ఇండక్షన్ వాడితే పెరిగే యూనిట్లన్నీ అక్కడే పడతాయి. ఆ రేటుని 140తో గుణించండి. ఆరు రూపాయలైతే 840. మీ సిలిండర్ రేటు దీనికంటే ఎక్కువైతే ఇండక్షన్ లాభం, తక్కువైతే గ్యాస్ లాభం. ఒక్కడే ఉండి, తక్కువ శ్లాబులో ఉన్న కుర్రాడికి ఇండక్షన్ బావుండొచ్చు. ఏసీ నడిచే ఇంట్లో వేసవిలో గ్యాసే నయం కావొచ్చు. ఇంకోటి, ఇండక్షన్‌కి అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు మామూలుగా పనికిరావు. షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్ళండి. గిన్నె అడుగున గట్టిగా అంటుకుంటే పనికొస్తుంది. కొత్త గిన్నెల ఖర్చు కూడా పొయ్యి ధరలో కలుపుకోవాలి.

ఇక పాతవి కొనుక్కోదగ్గ సామాన్లు. ఇత్తడి, కంచు, ఇనుము, రాయి. మన పెరవలి మండలంలో అజ్జరం ఉంది కదా, నిడదవోలుకి దగ్గరే. ఇత్తడి సామానుకి పేరున్న ఊరు. ఇత్తడి తూకం మీద కొంటాం, పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకునే పద్ధతీ ఉంది. అందుకే ముక్కా చెక్కా కూడా విలువ పోదు. ఒకటే జాగ్రత్త. చింతపండు, పెరుగు, పులుపు ఏదైనా వండాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరం పూత. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, కాబట్టి కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. ఇనప పెనం పాతదైతే ఇంకా మంచిది, నూనె పట్టి నున్నగా ఉంటుంది. పైన తుప్పు ఉంటే తోమి, నూనె రాసి, సన్న మంట మీద కాస్తే వచ్చేస్తుంది. పగులు ఉందేమో మాత్రం చూసుకోండి. జంతికల గొట్టం, కొబ్బరి కోరు, కత్తిపీట ఇవి మీ అమ్మమ్మగారి ఇంటి అటక మీద ఉండే ఉంటాయి, ముందు అక్కడ వెతకండి.

మరి ఐదు వేలడిగిన తమ్ముడికి నా లిస్టు ఇది. 750 వాట్ల మిక్సీ చిన్న సైజుది, 2600 లోపు. మూడు లీటర్ల ఐఎస్ఐ అల్యూమినియం కుక్కర్, 1300. డిజిటల్ త్రాసు, 350. ఇనప దోసె పెనం, 350. పాత వంట పుస్తకం, 100. మొత్తం 4700. మిగిలిన 300తో గరిటె, అట్లకాడ, చాకు. రేట్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి, మీ ఊళ్ళో అడగండి. ఎయిర్ ఫ్రయర్, శాండ్‌విచ్ మేకర్, జ్యూసర్ ఇవేవీ మొదటి ఆరు నెలలు వద్దు. అప్పటికీ కావాలనిపిస్తే ఎవరి దగ్గరైనా ఒక వారం అడిగి తెచ్చుకుని వాడి చూడండి. వారంలో మూడుసార్లు వాడితే కొనుక్కోండి.

ఆన్‌లైన్ సేల్ గురించి ఒక్క ముక్క. "70 శాతం తగ్గింపు" అన్నది ఎంఆర్పీ మీద లెక్క. ఆ వస్తువు గత నెల ఎంతకి అమ్మారన్నది అసలు లెక్క. కావాల్సిన వస్తువు ముందే కార్ట్‌లో వేసుకుని, తేదీతో సహా రేటు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సేల్ రోజున పోల్చి చూడండి. తగ్గిందో, తగ్గినట్టు చూపిస్తున్నారో మీకే తెలిసిపోతుంది.

చివరిగా నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది. సాఫ్ట్‌వేర్‌లో వాడేవాళ్ళని అడగకుండా ఏదైనా తయారుచేస్తే అది ఎవరూ వాడరు, ఈ సంగతి ఆ ఫీల్డులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. వంటింట్లో మాత్రం చాలా ఇళ్ళలో కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు. గ్రైండర్ రాయి ఎత్తి కడగాల్సింది ఎవరు? ఆవిడ చేతికి ఆ బరువు ఆనుతుందా? మిక్సీ జారు పిడి ఆవిడ గుప్పిట్లో పడుతుందా? స్విచ్చి బోర్డు ఆవిడకి అందే ఎత్తులో ఉందా? ఇవి డబ్బా మీద రాసి ఉండవు. అందుకని నాన్నలకి, అన్నయ్యలకి, పెళ్ళైన నా ఫ్రెండ్స్ అందరికీ ఒకటే చెబుతున్నాను. పండక్కి సర్‌ప్రైజ్ ఇద్దామని మిషన్ తేకండి. వాడే మనిషినే షాపుకి తీసుకెళ్ళండి, జారు చేతికిచ్చి ఎత్తి చూడమనండి, ఆవిడ వద్దంటే ఎంత ఆఫర్ ఉన్నా వదిలేసి వచ్చేయండి. వంట మీరే చేస్తారా, అయితే మీరే ఎత్తి చూడండి, అది ఇంకా మంచిది.

ఈ ఆదివారం ఒక చిన్న పని చేయండి. అటక మీదున్న వంటసామాన్లన్నీ దింపి, ఏడాదిగా వాడనివి ఒక పక్కన పెట్టండి. రిపేరు చేయిస్తే రోజూ పనికొచ్చేది ఏదో మీ ఇంట్లో వంట చేసేవాళ్ళని అడగండి. ముందు దాన్ని బాగుచేయించండి. కొత్తది ఆ తర్వాత చూద్దాం. ఉంటానండి మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.